తనకల్లులో నొక పూట భోజనము

“హోటలు కూడు” అను మాట మన యిండ్లలో నేటికిని మెచ్చుకోలు మాట కాదు. ఇంటి మగవాడు హోటలులో భుజించి వచ్చినచో ఇల్లాలికి వంట చేతగాదని యిరుగుపొరుగువారు అనుకొందురు. ఇల్లాలే హోటలుకు పోయినచో అనుకొనుటతో సరిపుచ్చరు, పైకి అనియే తీరుదురు. పట్టణములలో నీ భావము చాల వరకు సడలినది. అక్కడ ఆదివారము సాయంకాలము కుటుంబ సమేతముగా హోటలుకు పోవుట ఒక వేడుక. కాని చిన్న యూళ్ళలో, బస్సులు నిలుచు చోట, రేకుల కప్పు క్రింద నాలుగు బల్లలు వేసి నడుపు భోజనశాలలలో నిప్పటికిని బల్లల యొద్ద మగవారే యెక్కువగా కనబడుదురు. ఆ బల్లల మీదికి వచ్చు అన్నమును వండినది మాత్రము తరచుగా స్త్రీయే. ఈ విపరీతమును గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పవలెనని, గత వేసవిలో తనకల్లులో మేము భుజించిన యొక పూట భోజనము మమ్ము ప్రేరేపించినది.

తనకల్లు మదనపల్లెకును కదిరికిని నడుమ జాతీయ రహదారి మీదనున్న మండల కేంద్రము. 2022వ సంవత్సరము వరకు అనంతపురము జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి మేఘములు తమ నీటిని ఆవలి ప్రక్కనే క్రుమ్మరించి, ఈ సీమకు వచ్చునప్పటికి తేలికపడిపోవును. అనంతపురపు సీమలో ఏడాది మొత్తమునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు కురియునను నమ్మకము లేదు. ఎఱ్ఱమట్టి చేలు, బండరాళ్ళ గుట్టలు, దారి ప్రక్క చింతచెట్లు. వాన పడినచో వేరుసెనగ, పడనిచో బీడు. వాన తప్పిన యేట నిక్కడివారు మూటలు కట్టుకొని బెంగుళూరునకు కూలికి పోవుట తరతరములుగా నున్నదే.

మేము మా పెద్దమ్మను, మరదలిని, మరదలి యెనిమిదేండ్ల కూతురిని వెంటబెట్టుకొని కదిరి నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరితిమి. పెద్దమ్మకు డెబ్బది రెండేండ్లు. పెండ్లిండ్లలోను, దేవాలయములలోను తప్ప, డబ్బిచ్చి కొన్న భోజనమును ఆమె యే నాడును ముట్టలేదు. అందుచేత దారిలో తినుటకై తెల్లవారుజామునే లేచి చిత్రాన్నము కలిపి డబ్బాలో పెట్టుకొని వచ్చెను. దారిలో తనకల్లులో మాకొక చుట్టముల యింట పరామర్శ యుండెను. అది ముగించుకొని బస్సుల చోటికి వచ్చునప్పటికి రెండు గంటలైనది. కదిరి బస్సునకు ఇంకను చాల వేళ యున్నదనిరి. పిల్ల ఆకలి యనుచుండెను. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన కొట్టినది. ఆ యెండకు అన్నము చెడిపోయినది.

ఎదుట నొక చిన్న భోజనశాల కనబడినది. అది యొక యింటి ముందుభాగమే. పైన రేకులు, ప్రక్కన నీళ్ళ తొట్టి, లోపల నాలుగు బల్లలు. లారీ నడుపువారు ఇద్దరు, చేల నుండి వచ్చిన రైతులు కొందరు కూర్చుండి భుజించుచుండిరి. పెద్దమ్మ గడప యొద్దనే నిలిచిపోయినది. “మీరు తినిరండి, నాకు మజ్జిగ నీళ్ళు చాలు” అనినది. ఆ మాటను వంటింటిలో నుండి ఆలకించిన హోటలు యజమానురాలు చేతులు తుడుచుకొనుచు బయటికి వచ్చి, “ఎండ పొద్దు అవ్వా, బయట నిలబడద్దు. వంటింట్లో చాప వేస్తా రాండి. ఆడోళ్ళు వస్తే ఆడనే కూర్చుంటారు” అని ఆదరముతో పిలిచినది.

పెద్దమ్మ లోపలికి నడువబోవుచుండగా పిల్ల ఆమె కొంగు పట్టుకొని, “ఈ బల్ల ఖాళీగానే ఉంది కదా అవ్వా? మనం లోపలెందుకు?” అని యడిగినది. మాలో నెవ్వరికిని జవాబు తోచలేదు. నిజమునకు జవాబు లేదు. రైతులలో నొక పెద్దమనిషి తన తుండుగుడ్డతో బల్ల తుడిచి, “కూర్చోండమ్మా” అని తన సామాను ప్రక్కకు తీసికొనెను. పెద్దమ్మ కూర్చుండెను. ఒక క్షణము అందరును చూచిరి. పిమ్మట ఎవరి విస్తరిలో వారు తల వంచుకొని తినసాగిరి. డెబ్బది రెండేండ్లుగా జంకిన జంకు ఆ యొక్క క్షణముతో తీరిపోయినది.

అయినను ఆ జంకు ఆమె యొక్కతెది కాదు. దానికి చాల పాత వేరులు కలవు. మన దేశమున హోటలు దొరలు తెచ్చిన క్రొత్త వింత యని కొందరు తలతురు. అది సరికాదు. పూటకూళ్ళ యిల్లు మనకు అనాదిగా నున్నది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామములో ఓరుగల్లు వీథులలో తిరిగిన స్నేహితులు ఒక రూక యిచ్చి పూటకూటి యింట షడ్రసోపేతముగా భుజించిన వర్ణన కలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడినది, 1897లో అచ్చైనది. అందులోని పూటకూళ్ళమ్మను తెలుగువారు మరువరు. భర్త లేని స్త్రీ, విద్య లేని స్త్రీ, పుట్టింటి అండ లేని స్త్రీ తన చేతి వంటను నమ్ముకొని మానముగా బ్రతుకుటకు ఆ కాలమున నున్న కొలది దారులలో అది యొకటి. ఐనను ఆమెకు లోకము గౌరవ మియ్యలేదు. ఆమె యన్నము తిని, ఆమె సొమ్ము కాజేసిన గిరీశమునకు నవ్వులు దక్కినవి, ఆమెకు చీపురుకట్ట మిగిలినది.

దీనికి మూలము “అన్నము అమ్మరాదు” అను మన నమ్మకము. అన్నదానము మహాపుణ్యము, అన్నవిక్రయము పాపము. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) జాతి భేదము పాటింపక, వేళ గాని వేళ వచ్చినవారికి సయితము వండి వడ్డించి అన్నపూర్ణ యని కీర్తి గాంచిరి. 2024లో మన రాష్ట్రపు బడులలోని మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరే పెట్టినారు. అట్టి మహాదాత్రికి ఎన్ని నమస్కారములు చేసినను తక్కువయే. కాని దానము చేయుటకు ధాన్యపు గాదె యుండవలెను గదా. గాదె లేని తల్లి, పిల్లలను పెంచుటకై అదే యన్నమును, అదే శుచితో, అదే వేడితో వండి న్యాయమైన వెలకు ఇచ్చినచో ఆమె పాపాత్మురా లెట్లగును? దాతను పూజించి, కష్టపడి అమ్ముకొనుదానిని చులకన చేయుట మనలోని లోపమే కాని ఆమె లోపము కాదు.

హోటలు బల్లకు వేఱొక చరిత్రయు కలదు. మన పెద్దల కాలమున ఒక్కొక్క కులమువారికి వేఱువేఱు భోజనశాలలో, ఒకే శాలలో వేఱువేఱు గదులో యుండెడివి. కొందరికి లోపలికి ప్రవేశమే లేదు. గుమ్మము బయట నిలుచుండి, వేఱుగా పెట్టిన లోటాలో త్రాగి, తామే కడిగిపెట్టి పోవలసినదే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 15వ అధికరణములో, మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు అను కారణములచే అంగళ్ళలోనికి, భోజనశాలలలోనికి, హోటళ్ళలోనికి ఎవ్వరిని రానీయకుండుట కూడదని శాసించినది. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చినది. వేఱు గ్లాసుల దురాచారము ఆ తరువాతను కొన్ని పల్లెలలో దాగి బ్రతికినదన్న మాట సిగ్గుతో నొప్పుకొనవలెను.

ఆ 15వ అధికరణములోని పట్టికలో “లింగము” అను మాటను సోదరీమణులు గమనింపవలెను. భోజనశాలలోని బల్ల మగవారికెంత హక్కో మనకును అంతే హక్కని దేశపు మూలశాసనమే చెప్పుచున్నది. కాని మనలను ఆపినది హోటలువాడు కాదు, శాసనము కాదు. “నలుగురు మగవారి యెదుట నోరు తెఱచి తినుటయా?” అను మన సంకోచమే మనలను ఆపినది. వంటింటిలో చాప పఱచుట ప్రేమతో చేసిన పనియే. అయినను ఆ చాప మీదికే మనము పోవుచుండినంత కాలము బయటి బల్ల మనది కానేరదు.

ఇక భోజనము సంగతి. మాకు వచ్చినది రాగి సంగటి, పప్పు, వేరుసెనగ ఊరుబిండి, చింతచిగురు పులుసు, మజ్జిగ, ఒక ఎఱ్ఱగడ్డ ముక్క. కోడిపులుసు కావలసినవారికి అదియు కలదు. సంగటి చేయుట చూచుటకు సులువు, చేయుటకు కష్టము. బియ్యపు నూకలను మెత్తగా నుడికించి, దాని నడుమ రాగిపిండిని కుప్పగా పోసి, ఆవిరి ఆడుటకు కట్టెతో బెజ్జము చేసి మూత పెట్టుదురు. పిండి పచ్చివాసన పోయిన పిమ్మట కుండను కదలకుండ నొత్తిపట్టి, ఉండలు కట్టకుండ కట్టెతో గెలుకవలెను. ఆ గెలుకుటలో భుజములు పడిపోవును. పిమ్మట చేయి తడుపుకొని, పొగలు క్రక్కుచుండగనే ముద్దలు చేయవలెను. దానిని నమలరాదు. చిన్న తునుక త్రుంచి, పులుసులో నద్ది మ్రింగవలెను. మా పిల్లకు ఆ విద్య నేర్పుటలోనే పెద్దమ్మకు మిగిలిన సంకోచము కూడ పోయినది.

ఒకప్పుడు ఈ సీమలో రాగియు, జొన్నయు, కొఱ్ఱయు ఇంటింటి తిండి. బియ్యపు టన్నము పండుగనాటిదే. నీటి పారుదల లేని చేలలో వేరుసెనగ వ్యాపించి చిరుధాన్యములను త్రోసినది. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చుటతో పేదల యింటను తెల్లన్నము కుదురుకొన్నది. ఆకలి తీర్చిన యా మేలును మరువరాదు. కాని సంగటి తినుట బీదతనపు గుర్తని పిల్లలు సిగ్గుపడు కాలము కూడ వచ్చినది. ఇప్పుడు కాలము మరల తిరిగినది. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నూఱు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నము కలదని, బియ్యములో నున్నదానికి అది అనేక రెట్లని ఆహారశాస్త్రజ్ఞులు తేల్చినారు. ఎదుగు పిల్లలకును, ఎముకలు బలహీనపడు వయసు స్త్రీలకును ఇది మేలైన తిండి. అవ్వల యింటి నుండి పోయిన ముద్ద, ఈ చిన్న హోటళ్ళ బల్లల మీదుగా మనుమరాండ్రకు తిరిగి వచ్చుచున్నది.

ఇట్టి యూరి భోజనశాలలు మనకే కాదు, ఎండకు వేగు ఇతర దేశములకును కలవు. గ్రీసు దేశము మన సీమవలెనే రాళ్ళ గుట్టల దేశము. వేసవి యంతయు అక్కడ వాన అరుదు. అక్కడి పేటపేటను “తవేర్నా” యను చిన్న భోజనశాల యుండును. కుటుంబమువారే వండి, కుటుంబమువారే వడ్డింతురు. భుజింపవచ్చినవారు వంటింటిలోనికి పోయి, కుండల మూతలు తీసి చూచి కావలసినది కోరుకొనుట అక్కడి పాత యాచారము. చిక్కుళ్ళు, మసూరుపప్పు, గుట్టల మీద దానంతట మొలచిన ఆకుకూరలు, వానిపై ఓలివు నూనె, నిమ్మరసము. ఇవి వారి సామాన్యపు తిండి. మన స్త్రీలు వానల తరువాత చేలగట్లపై గురుగాకు, చెంచలాకు ఏరినట్లే వారి స్త్రీలును కొండల మీద ఆకులు ఏరుదురు. క్రొత్తవానిని ఆదరించు గుణమునకు వారి భాషలో “ఫిలోక్సేనియా” యని పేరు. క్రొత్తవారి యెడ ప్రేమ యని అర్థము. మన “అతిథి” మాటకు అది తోబుట్టువు. ఐతే అక్కడను పల్లెలలోని కాఫీ యంగళ్ళు చిరకాలము మగవారి చావళ్ళుగానే యుండెడివి. కుటుంబముతో కూడి కూర్చుండు తవేర్నాలోనే స్త్రీకి తావు దొరికినది. పిల్లలతో, పెద్దలతో స్త్రీలు వచ్చి కూర్చున్న చోటు ఊరందరి యిల్లగునని దీనివలన తెలియుచున్నది.

మా భోజనము ముగియునప్పటికి మూడు దాటినది. హోటలు యజమానురాలు మాకు మరల మరల వడ్డించుచు, మధ్య మధ్య తన సంగతులు చెప్పినది. భర్త బెంగుళూరులో కట్టడపు పనికి పోయినాడట. పొదుపు సంఘములో అప్పు తీసికొని మూడేండ్ల క్రితము ఈ శాల పెట్టినదట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించును. ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మధ్యాహ్నము సంగటి, అన్నము. సాయంకాలము మరల బజ్జీలు. పెద్దకూతురు కళాశాలలో చదువుచున్నది. “దాని ఫీజు ఈ కుండలోనించే వస్తాదక్కా” అని సంగటి కుండను చూపి నవ్వినది.

పెద్దమ్మ ఆ నవ్వు వినుచునే ఆమె ముఖమును పరికించి, “అందరికీ పెడితివి, నువ్వు తింటివా?” అని యడిగినది.

“ఇంగా లేదవ్వా. అందరిదీ అయినాక తింటా.”

“అందరిదీ అయ్యేదెప్పుడు, నువ్వు తినేదెప్పుడు? కూర్చో” అని పెద్దమ్మ లేచినది. ఆమె వలదనుచున్నను వినక, వంటింటిలోనికి పోయి ముద్దయు పప్పును తెచ్చి, మేము కూర్చున్న బల్ల మీదనే విస్తరి వేసి పెట్టినది. హోటలు పెట్టిన మూడేండ్లలో ఆ బల్ల యొద్ద కూర్చుండి తినుట అదే మొదటిసారి యని ఆమె చెప్పినప్పుడు మా మరదలి కన్నులు చెమర్చినవి. తన బల్లయే, తన అన్నమే, తానే కూర్చుండలేదు! మన యిండ్లలో మాత్రము సంగతి వేఱా? అందరును తిని లేచిన పిమ్మట, అడుగంటినదానితో, చల్లారినదానితో సరిపుచ్చుకొనుట ఇల్లాలి ధర్మమని మనకు నేర్పినారు. మనమును మన కూతుండ్రకు అదియే నేర్పుచున్నాము.

మేము వెల చెల్లించి బయటికి వచ్చితిమి. మా యందరి భోజనమునకైన వెల పట్టణపు పెద్ద హోటలులో నొక్కరి భోజనమునకు సరిపోవును. పెద్దమ్మ చిల్లర తిరిగి తీసికొనలేదు. ఇది దానము కాదని, కూలి యని ఆమె యన్నది.

పాఠకురాండ్రలో కొందరు, “ఆదరము సరే, శుచి మాట యేమి?” అని యడుగవచ్చును. అడుగవలసినదే. భోజనశాలను ఎంచుటకు మన వంటింటి కన్నే చాలును. పదార్థములపై మూతలున్నవో లేవో, ఈగలు ముసరుచున్నవో చూడవలెను. వేడిగా వండి వేడిగా పెట్టునది మేలు. ఉదయము కలిపి యెండలో నుంచిన అన్నము మా డబ్బావలె చెడును. త్రాగునీరు ఎక్కడిదో అడుగుటకు సిగ్గుపడరాదు. ఈ సీమలో చాల బోరుబావులలో ఫ్లోరైడు ఎక్కువ. నీరు కరవైన చోట ఒకే తొట్టి నీటిలో ముంచి తీసిన పళ్ళెముకంటె విస్తరాకు శుభ్రము. వంటవారి చేతులను, గోళ్ళను చూచినచో మిగిలిన సంగతి తెలియును. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము చిన్న హోటళ్ళవారును తమ పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ పత్రము గోడకు వ్రేలాడుచున్నదేమో చూచుటయు తప్పు కాదు. స్త్రీలు వచ్చి కూర్చున్న కొలది ఈ శాలలు శుభ్రపడును. ఏలయన, చూచు కన్నులు పెరిగినచో తుడుచు చేతులును పెరుగును.

నిత్యము హోటలులోనే తినుమని మేము చెప్పుట లేదు. ఇంటి పొయ్యి ఇంటికి ప్రాణము. కాని నెలలో నొక పూట, ప్రయాణములో నొక పూట, జబ్బుపడి లేచిన యొక పూట, ఇల్లాలు గరిటె దించి కూర్చుండుట నేరము కాదు. ఆ పూట మనము చెల్లించు వెల, మనవంటి మఱియొక స్త్రీ కూతురి చదువునకు చేరినచో అది యింకను మంచిది.

కదిరి బస్సులో పెద్దమ్మ చాల సేపు మాటాడక కిటికీలో నుండి బీడు చేలను చూచుచుండెను. పిమ్మట మెల్లగా, “ఇంట్లో నా ముద్ద ఎప్పుడూ చల్లారిందే. వేడి సంగటి ఒకరు పెడితే తినేది ఇదే మొదలు” అనినది.

సోదరీమణులారా, మీ యింటను ఇట్టి పెద్దమ్మ యుండవచ్చును. ఆమెను ఈ మారు దారి ప్రక్కనున్న భోజనశాలకు తోడుకొని పొండు. లోపలి చాప మీద కాదు, బయటి బల్ల యొద్ద కూర్చుండబెట్టుడు. వెల చెల్లించునప్పుడు వండినదానిని “నీవు తింటివా?” అని యడుగుడు. ఆ రాత్రి మీ యింట విస్తళ్ళు వేయునప్పుడు మీ విస్తరిని కూడ అందరి విస్తళ్ళతో పాటు వేసికొనుడు.